పదకొండో మెట్టు

"చూసుకొని నడవద్దా?" అన్నారు అందరూ. బిందె దొర్లిన చప్పుడుకు తలుపు తీసిన, కింది వాటాలో ఉండే ఇంటి యజమాని చలపతిరావు గారు అన్నారు. ఎక్స్‌రే తీసిన అమ్మాయి అంది. నా ఎడమ మణికట్టుకు కట్టు వేయించి ఆటోలో తీసుకొచ్చిన నా భర్త కమలాకర్, అమీర్‌పేట చౌరస్తా దాటేలోగా మూడుసార్లు అన్నాడు. నేనూ నన్ను అదే అడిగాను. పంజాగుట్టలో కళ్ళద్దాల దుకాణంలో పని నాది. కొత్త అద్దాలు పెట్టుకున్న పెద్దవాళ్ళకు, మెట్లు దిగేటప్పుడు జాగ్రత్త అని రోజూ చెప్పే నోరు నాది. నా కాలికి మాత్రం చెప్పుకోలేకపోయాను.

మాది రెండో అంతస్తులో అద్దె వాటా, నలభై ఏళ్ళనాటి ఇల్లు. మంచినీళ్ళ నల్లా కింద, వంటగది పైన. రెంటికీ మధ్య మెట్లు, ఆ మెట్ల మీద బిందెతో నేను. రోజు విడిచి రోజు ఆరు బిందెలు. పక్క హాస్టల్ మరో రెండంతస్తులు పెరిగాక మా మెట్ల మీదికి వెలుతురు రావడం మానేసింది. నల్లా ఏడింటికి వస్తుంది, ఎనిమిదికి పోతుంది. తొమ్మిదింటికి నేను దుకాణంలో ఉండాలి.

"నీ ఉరుకులాట వల్లనే గిదంత," అన్నాడు కమలాకర్, నేను పడ్డ ఆ శనివారం సాయంత్రం. "గా కొలువు మానెయ్. సోమవారం ఫోన్ చేసి చెప్పు. ఇంట్ల ఉండి నిమ్మళంగ నీళ్ళు పట్టుకో."

కోపంగా అనలేదు, ప్రేమగానే అన్నాడు. పడ్డది నేను, తప్పు నాది, కనుక మానవలసిందీ నేనే. ఆ లెక్కలో ఎక్కడా దోషం కనిపించలేదు. కానీ ఆ దుకాణంలో నాకొక కుర్చీ ఉంది, నా పేరుతో పిలిచేవాళ్ళున్నారు. మసకగా ఉన్న లోకం ఒక్కసారిగా తేటపడినప్పుడు ఎదుటి మనిషి ముఖంలో విచ్చుకునే ఆశ్చర్యం ఉంది, ఆ ఆశ్చర్యాన్ని అందరికన్నా ముందు చూసేది నేను. ఇవన్నీ మెట్ల మీద జారిన ఒక్క క్షణానికి ఎలా బదులవుతాయో ఆ రాత్రంతా నాకు బోధపడలేదు.

మాతోనే ఉండే మా అత్తమ్మ విజయరాణిది సిరిసిల్ల. ముప్పై ఏళ్ళుగా రవికలు కుడుతుంది. ఆమె కూడా ఏదో ఒకటి అంటుందని ఎదురుచూశాను. ఆమె మాత్రం ఆదివారం పొద్దున మెడలో టేపు వేసుకొని, మార్కింగ్ సుద్ద పట్టుకొని మెట్లు దిగింది. "పుస్తకం తీస్కొని రా బిడ్డా, రాయి," అంది.

అన్నిటికన్నా కింది మెట్టు దగ్గర గొంతుక్కూర్చుని కొలవడం మొదలుపెట్టింది. ఏడు అంగుళాలు. ఏడు. ఏడు. పది మెట్లూ ఏడే. మెట్లు మలుపు తిరిగే చోట చప్టా మీదికి ఎక్కే పదకొండోది ఎనిమిదిన్నర.

నేను పడ్డది అక్కడే.

"నేనే చూసుకోలేదు అత్తమ్మా," అన్నాను.

"రైక బిగుతైతే ఒళ్ళును కోస్తమా?" అంది తల ఎత్తకుండా. "కొలత తప్పిందంటం."

చలపతిరావు గారు పేపరుతో బయటికి వచ్చారు. "ఏంటండీ విజయరాణి గారూ, మా మెట్లకు జాకెట్లు కుడతారా?"

"కుడత సార్. గీ చప్టా మీద రాయి ఎప్పుడు పరిపిచ్చిన్రు?"

"మా గదుల్లో పరిచాక గ్రానైట్ మిగిలితే వృథా ఎందుకని వేయించాను. పదేళ్ళయింది. ఒక్కరూ పడలేదు."

"ఒక్కలు సుత పడలే?" అత్తమ్మ గొంతు పెంచింది. "ఓ రాజమ్మా! జర బయటికి రా. నువ్వెప్పుడన్న గీడ పడ్డవా?"

మొదటి అంతస్తు రాజమ్మ తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చింది. "పడ్డ. బోనాలప్పుడు. మోకాలు గింత వాచింది. నవ్వుతరని ఎవ్వలకు చెప్పలే."

"చెప్పాలి కదమ్మా!" అన్నారు చలపతిరావు గారు.

ఆయన వెనక గుమ్మంలో, చేతిలో జల్లెడతో ఆయన భార్య నిలబడి ఉన్నారు. "నేనూ పడ్డానండీ," అన్నారు మెల్లగా. "డాబా మీదికి వెళ్తూ, రెండుసార్లు."

ఆయన పేపరు మడిచారు.

అత్తమ్మ ఆ మెట్టు మీదే కూర్చుంది. "నేను సుత. ఆరేండ్ల కింద. మిషిన్ తొక్కి నడుము పట్టిందని అబద్ధం చెప్పిన. పడ్డనంటే మీ మామ మిషిన్ అమ్ముతడని భయం."

ఒకే మెట్టు, నలుగురు ఆడవాళ్ళం. నలుగురమూ నాలుగు గదుల్లో, నాలుగు నూనె సీసాలతో, ఎవరి నొప్పిని వాళ్ళు రుద్దుకున్నాం. ఎవరి తప్పును వాళ్ళు మోసుకున్నాం.

"ఇంకొకటి. నా తప్పు సుత ఉన్నది," అత్తమ్మ గోటితో మెట్టును గీకింది. ఎర్రటి నున్నటి రంగు పొరలుగా లేచింది. "మీ పెండ్లప్పుడు మెట్లన్నిటికి ఆయిల్ పెయింట్ ఏయించిన. కొత్త కోడలు ఎర్రటి మెట్లెక్కి రావాలని ఆశపడ్డ. తడిస్తే జారుతదని తెల్వలే. మన్నించు బిడ్డా."

నా పెళ్ళయి నాలుగేళ్ళు. ఆ ఇంట్లో నన్ను మన్నించమని ఎవరైనా అడగడం అదే మొదటిసారి. నా కళ్ళు నిండాయి. పుస్తకంలోని అంకెలు మసకబారాయి. పెరుగు ప్యాకెట్‌తో వచ్చిన కమలాకర్ కింద నిలబడి అంతా విన్నాడు. సోమవారం దుకాణానికి నేనే ఫోన్ చేశాను. మానేస్తానని కాదు, వారంలో వస్తానని.

చలపతిరావు గారు మాట పెంచలేదు, ఆయనకు దండం పెట్టాలి. ఆ వారంలోనే గ్రానైట్ తీయించి పదకొండో మెట్టునూ ఏడు అంగుళాలకు తెచ్చారు. రంగు గీకించి గరుకు సిమెంటు పూయించారు. బల్బు పెట్టించారు, గోడ పొడవునా ఇనుప కడ్డీ బిగించారు. నా కట్టు ఉన్న ఆరు వారాలూ కమలాకరే నీళ్ళు మోశాడు.

కట్టు విప్పిన మర్నాడు నల్లా వచ్చింది. అతడు నిండు బిందెను నా ముందు పెట్టాడు. "ఇగ ఫికర్ లేదు. కడ్డీ పట్టుకొని మంచిగ ఎక్కు."

బిందెను చంకనెత్తుకున్నాను. ఒక చేయి దాని చుట్టూ, ఒక చేయి దాని మెడ మీద. కడ్డీ నా పక్కనే మెరుస్తోంది. దాన్ని పట్టుకోవడానికి నాకు చేయి లేదు.

బిందె దించాను.

"రేపు చిన్న క్యాన్లు కొందం," అన్నాను. "సగం మీరు, సగం నేను. ఎవరెక్కినా ఒక చెయ్యి కడ్డీ మీదనే ఉండాలె. ఇయ్యాల్టికి మాత్రం మీరే తెండి. నాకు దుకాణానికి టైమైంది."

అతడు పైకి, తల్లి వైపు చూశాడు. అత్తమ్మ చప్టా మీద నిలబడి ఉంది.

"నల్లా బందయితది," అంది కొడుకుతో. "నిలబడి చూస్తవేంది?"