గళ్ల దుప్పటి బస్తా

గట్టు పని కాంట్రాక్టరు తన ఐసు ఫ్యాక్టరీ గోడకు ఆనించి పేర్చిన ఇసుక బస్తాల్లో చనిపోయిన నాన్న గళ్ల దుప్పటి కనబడేసరికి కుట్టుమిషను అక్క అక్కడే ఆగిపోయింది. దాని పక్కనే పడవవాళ్ల పచ్చ పరదా, ఇస్త్రీవాళ్ల చారల తువ్వాలు. అన్నీ ఆమె చేత్తో కుట్టినవే. ఏటి గట్టు మీద ఉండాల్సినవి.

ఏటా వానలకు ముందు వీధి వీధంతా పాత బట్టలు తెచ్చి ఆమె ముందు కుప్ప పోసేది. ఆమె సంచులు కుట్టేది. మగవాళ్లు ఇసుక నింపితే, ఆడవాళ్లు వరసగా నిలబడి చేతులు మార్చుకుంటూ గట్టుకు చేర్చేవాళ్లు. ఈ ఏడు ఆ పని జరగలేదు. వరద బోర్డు వచ్చింది. గట్టు మీద అధికారం దానిదే, నిధులూ దాని చేతిలోనే. అందులో వీధి తరఫు సభ్యుడు ఆమె తమ్ముడు. మిషను తొక్కి తొక్కి ఆమె చదివించిన తమ్ముడు.

"ఈ బస్తాలు తీయించి రాతికట్టు వేయిస్తానక్కా. మీకీ చాకిరీ తప్పుతుంది" అన్నాడు.

తీయించాడు. రాతికట్టు మాత్రం ఫ్యాక్టరీ ముందు వరకే వేసి ఆపేశారు. అక్కడ కొట్టుకున్న నీళ్లు వీధి వైపు మళ్లి నేలను కోస్తున్నాయి. నిన్న ఇస్త్రీవాళ్ల వంటగది ఏట్లో కలిసింది.

కుళాయి దగ్గర జనం పోగయ్యారు.

"ఇంకో అర్జీ పెడదాం" అన్నాడు ఇస్త్రీ మామ.

"పెట్టినవి చాల్లే మామా! ఏరు నీ అర్జీ చదివి వెనక్కి పోతుందా?" పడవ వదిన కస్సుమంది.

"అక్క తమ్ముణ్ణే అడగొచ్చుగా" అన్నారెవరో.

ఆ మాట ఆమెకు చెంప మీద కొట్టినట్టయింది.

"అడిగేదేముంది? మన బస్తాలు మనం తెచ్చుకుందాం, పదండి."

ఫ్యాక్టరీ గోడ నుంచి గట్టు దాకా వరస కట్టారు. బస్తాలు చేతులు మారుతుండగానే తమ్ముడి జీపు వచ్చింది, వెనకే పోలీసు వ్యాను.

"అక్కా, నా పరువు తీయకు. బోర్డు అనుమతి లేకుండా గట్టు మీద చెయ్యేస్తే నేరం."

"గట్టు కూలుతుంటే చేతులు కట్టుకుని చూడటం నేరం కాదురా?"

"నిధులు పైవాళ్లు ఫ్యాక్టరీ వైపు మళ్లించారు. నేనేం చేయను?"

"ఆ ఒక్క ముక్కా వచ్చి చెప్పావా? చెప్పుంటే మా బస్తాలు మేం తీయనిచ్చేవాళ్లమా?"

అతను బురదలోంచి ఓ అడుగు వెనక్కి వేశాడు.

"బాబుగారి బూట్లకు బురదంటుతుంది, కాస్త పక్కకు జరగమనండమ్మా!" పడవ వదిన అరిచింది. వరసంతా గొల్లున నవ్వింది.

పోలీసులు అక్క రెక్క పట్టుకున్నారు. అప్పుడామె చేతుల్లో ఉన్నది గళ్ల దుప్పటి బస్తానే.

"ఇక చేయనని ఒక్క మాట అను అక్కా, విడిపిస్తా."

ఆమె బస్తాను అతని ముందుకు చాచింది. "పట్టుకో. నాన్నది."

అతని చేతులు లేవలేదు. పడవ వదిన గబుక్కున ముందుకొచ్చి అందుకుంది.

వ్యాను జాలీలోంచి అక్క చూసింది. వరసలో తన చోటు అప్పుడే నిండిపోయింది. గళ్ల దుప్పటి చేతి నుంచి చేతికి గట్టు వైపు సాగుతోంది.

"ఒక్క వ్యానేం సరిపోతుందయ్యా, ఇంకా తెప్పించుకోండి!" పడవ వదిన గొంతు వినిపించింది. "బస్తాలు పేర్చేసి అందరం ఎక్కుతాం!"