రాళ్లకుంట సాక్ష్యం

కంకి పెట్టిన మక్కచేను మీదికి జేసీబీ పోతుంటే మీరెప్పుడైనా చూశారా? నేను చూశాను. మొన్న ఆగస్టులో, ఎల్లారెడ్డి అవతల అడవి అంచున, రాళ్లకుంటలో. కందకం తవ్వుతున్నారట, అడవిని కాపాడటానికట! ఇటు గంగాబాయి చేను, అటు హన్మవ్వ చేను. రెండింటినీ చీల్చుకుంటూ పోయింది ఆ మిషను. గంగాబాయి అడ్డం పడబోతే ఇద్దరు ఆడపోలీసులు రెక్కపట్టి లాగి పక్కన కూలేశారు.

"మూడెకరాలు సారూ! నా పొట్ట కొట్టకుండ్రి! ముప్పై ఏండ్ల సంది దున్నుతున్న!"

"రుజువుందా?" అన్నాడు ఫారెస్టు రేంజి అధికారి. "రెండువేల ఐదుకు ముందు నుంచి దున్నుతున్నట్టు రుజువు చూపెట్టు, పట్టా ఇస్తరు. లేకుంటే ఇది అడవి."

రుజువు ఉండేది. దాన్ని పోగొట్టింది నేనే. సిగ్గు విడిచి చెప్తున్నాను, వినండి.

రాళ్లకుంటలో ఒకవైపు లంబాడీ తండా, ఇంకోవైపు నాయకపోడు గూడెం. మొత్తం నలభై ఇళ్లు. తండావాళ్లు ముందొచ్చారు, గూడెంవాళ్లు ఏడాది వెనక. వీళ్ల నాగళ్లు, వాళ్ల ఎడ్లు కలిస్తేనే దుక్కి సాగేది. అంతా రాళ్ల నేల. ప్రతి ఎండాకాలం రాళ్లేరి గట్టున కుప్ప పోసేవాళ్లు. కుప్పలు మనిషెత్తు దాటాయి. అడుగు రాళ్లకు నాచు పట్టింది, సందుల్లో సీతాఫలం చెట్లు లేచాయి. ఎన్నేళ్లుగా ఈ నేలను బాగుచేస్తున్నారో గుడ్డివాడికైనా తెలిసేది.

రెండేళ్ల కింద గూడెం హన్మవ్వ మేకలు తండా గంగాబాయి చేలో పడ్డాయి. ముందు తిట్లు, తర్వాత కర్రలు. తండావాళ్లు నీళ్ల చెలిమెకు ముళ్లకంప కొట్టారు. గూడెంవాళ్లు ఎడ్లు ఇవ్వం పొమ్మన్నారు. రైతుకూలీ సంఘపోణ్ణని నన్ను పిలిచారు. కామారెడ్డి నుంచి బస్సెక్కి పోయాను, మహా తెలివిగలవాణ్ణి కదా! "నడుమ గోడ కట్టుకోండ్రి, రాళ్లు ఉండనే ఉన్నయి" అన్నాను. నెల తిరిగేసరికి కుప్పలన్నీ గోడలోకి పోయాయి. ఆనాటి నుంచి ఇటువాళ్లకూ అటువాళ్లకూ మాటలు బంద్.

ఇప్పుడు రేంజి అధికారి ఆ గోడను ఫొటో తీసుకున్నాడు. "కొత్త గోడ, కొత్త కబ్జా" అన్నాడు. తర్వాత గంగాబాయిని పక్కకు పిలిచి గొంతు తగ్గించాడు. "గూడెంవాళ్లు మొన్న మొన్ననే వచ్చిండ్రని సాక్ష్యం పెట్టు. మీ తండా పని నేను చూసుకుంట."

సాయంత్రం గోడకు ఇటు తండా, అటు గూడెం నిలబడ్డాయి. నేను ఎవరి మొహమూ చూడలేకపోయాను.

"సాక్ష్యం కాయితం మీద ఏలిముద్ర పెట్టు యాడీ," అన్నాడు గంగాబాయి కొడుకు బాలరాజు. "వాళ్ల కోసం మనం మునుగుడేంది?"

అవతల నుంచి హన్మవ్వ గొంతు లేచింది. "నాకు గూడ గదే చెప్పిండు. మీరే మొన్న వచ్చిండ్రని చెప్పమన్నడు."



"మనల్ని మనతోనే బొంద పెట్టిస్తుండు!" అని అరిచింది కళ్యాణి. గూడెం పిల్ల, కామారెడ్డిలో డిగ్రీ చదువుతోంది.

"మరేం జేద్దాం?" బాలరాజు కూడా అరిచాడు. "చెప్తె ఒకరు పోతం, చెప్పకుంటె ఇద్దరం పోతం! చెప్పన్నా, సంఘపోనివి గదా!"

మళ్లీ తప్పు చెప్తానేమోనని నిజంగా భయమేసింది.

గంగాబాయి కొడుకు వైపు తిరిగింది. "నువ్వు పుట్టిన్నాడు నాకు కాన్పు జేసింది ఎవరనుకున్నవురా? హన్మవ్వే. ఆమె మొన్న వచ్చిందని ఏ నోటితోని చెప్పాలె?"

బాలరాజు తల దించుకున్నాడు. ఇంకెవరూ వాదించలేదు.

తెల్లారి గంగాబాయి, హన్మవ్వ ఇద్దరూ కందకంలోకి దిగి జేసీబీ ముందు కూర్చున్నారు. పోలీసులు ఇద్దర్నీ వ్యానులో పడేసి ఠాణాకు తీసుకుపోయారు. ఆటోలు పట్టుకుని ఊరంతా వెనకే కదిలింది. నన్నూ కళ్యాణినీ లోపలికి రానిచ్చారు. రేంజి అధికారి పక్కన కూర్చుని ఉండగా ఠాణా రైటర్ కేసు రాస్తున్నాడు.

"అడవిని ఎప్పటి సంది కబ్జా పెట్టినవ్?" అడిగాడు గంగాబాయిని.

"నా కొడుక్కు ముప్పై ఒక్కటి నిండినయి. వాని కంటే ఏడాది ముందు సంది."

ఎంత పాత నేరమైతే కేసు అంత గట్టిదనుకున్నాడేమో, లెక్కకట్టి సంవత్సరం వేశాడు. హన్మవ్వ అదే పిల్లవాడు పుట్టిన ఏడాది చెప్పింది. అదీ రాశాడు. ఇద్దరి చేతా వేలిముద్రలు వేయించి, ఠాణా ముద్ర గుద్ది, వాళ్లను లాకప్‌లో పెట్టించాడు.

కళ్యాణి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "అన్నా! ఈ కేసు కాయితమే రుజువు! సర్కారోళ్లే రాసిండ్రు!"

ఏ దఫ్తరూ ఇవ్వని రుజువు నేరం ఒప్పుకుంటే దొరికింది. దున్నుకునేవాడు జైలుకు పోతేగానీ భూమికి కాగితం పుట్టని రాజ్యం ఇది! అందరికీ చెప్పడానికి కళ్యాణి బయటికి ఉరికింది.

నిమిషంలో బాలరాజు లోపలికొచ్చి రైటర్ ముందు నిలబడ్డాడు. "సార్, నేను గూడ కబ్జాదారునే. రాసుకోండ్రి. పుట్టినకాడికెళ్లి గా చేన్లనే ఉన్న."

వెనకే తండావాళ్లు, గూడెంవాళ్లు గుంపుగా తోసుకొచ్చారు. "నేను గూడ!" "మా అత్త గూడ!" "ఏ ఏడాది సందో గది గూడ రాయుండ్రి!"

రేంజి అధికారికి అప్పుడు వెలిగింది. రైటర్ చేతిలో పెన్ను గుంజుకున్నాడు. "మీ మీద కేసుల్లేవు, పోండ్రి! ఇండ్లకు పోండ్రి!"

"ఎందుకు లేవు?" లాకప్ ఊచల వెనక నుంచి గంగాబాయి అరిచింది. "ఊరంతా దున్నింది, మా ఇద్దరి మీదనే ఎందుకు? రాయి సారూ!"

మమ్మల్నందర్నీ నెట్టి, లోపలి నుంచి గేటుకు తాళం వేసుకున్నారు పోలీసులు. ఇంకా ముప్పై ఎనిమిది ఇళ్ల పేర్లున్నాయి. కేసు పెట్టేదాకా కదిలేది లేదని రోడ్డు మీదే కూర్చున్నాం.