దుప్పటి కింద డ్రమ్ము

"దుప్పటి తియ్యి పెద్దమ్మా," అంది ఫిదేలా.

హెర్మిలా తియ్యలేదు. మంచం తలాపున దుప్పటి కప్పిన డ్రమ్ముకి అడ్డంగా నిలబడింది. మంచం మీద తొమ్మిదేళ్ల మనవరాలు నిదియా జ్వరంతో కాలిపోతోంది. పిల్లకిది రెండోసారి డెంగీ. రెండోసారి వచ్చేదే ప్రాణం మీదికి తెస్తుందని ఆ కొండపేటలో అందరికీ తెలుసు. చావులు చూసి తెలుసుకున్నారు.

పేటకి కుళాయి నీళ్లు ఎప్పుడొస్తాయో దేవుడికే తెలియాలి. కింద సముద్రపుటొడ్డు హోటళ్ల ఈతకొలనులు మాత్రం ఏనాడూ ఎండలేదు. నిదియా తల్లి అక్కడే దుప్పట్లు ఉతుకుతుంది. దోమల శాఖవాళ్లు కొండెక్కి వచ్చి నిలవనీళ్లలో దోమలు పెరుగుతాయని మూతలేని ప్రతి డ్రమ్మునీ బోర్లించిపోతారు. అందుకని ప్రతి ఇంట్లోనూ ఒక డ్రమ్ము వాళ్ల కోసం వాకిట్లో పెట్టి, రెండోది పడకగదిలో దాస్తారు. పేటంతా నేర్చిన తెలివి అది. దోమలు కూడా నేర్చుకున్నాయి. ఆ శాఖలో దినకూలీ ఫిదేలాది కూడా ఆ పేటే. ఆమె మంచం కింద కూడా బకెట్లున్నాయి.

ఆమె పై అధికారి ఒల్వేరా తల వంచుకుని లోపలికొచ్చాడు. "ఇలా దాస్తే జ్వరాలు పెరగక ఏం చేస్తాయమ్మా? ఇరవై ఏళ్లుగా మెక్సికో అంతటా డెంగీ లెక్కల గీత పైకే పోతోంది. ఆఫీసు గోడ మీద కాగితం చాలక ఇంకోటి అంటించాం."

"గీతల సంగతి నాకేం తెలుసు నాయనా! నా చిన్నప్పుడు ఈ ఎముకల జ్వరం ఎప్పుడో ఓ ఏడు వచ్చిపోయేది. అప్పుడు కుళాయి రోజూ వచ్చేది. హోటళ్లు లేచాక నీళ్లు కిందికి దిగాయి, జ్వరం పైకెక్కింది. పోయినేడు పక్కింటి పిల్లాణ్ణి తీసుకుపోయింది. మీ గీతలో వాడున్నాడా?"

"రక్తపరీక్ష కాకుండా పోతే లెక్కలోకి రాడు."

"అబ్బో! పోవడానికి కూడా మీ చీటీ కావాలన్నమాట."

ఫిదేలా దుప్పటి లాగింది. నీళ్లలో దోమపురుగులు గిలగిలా కొట్టుకుంటున్నాయి. హెర్మిలా మొహం పాలిపోయింది.

"చల్లగా ఉంటుందని నేనే ఇక్కడ పడుకోబెట్టాను దాన్ని," అంది.

ఫిదేలాకి ఏడుపొచ్చింది. "పురుగుల్ని చంపే ఆ మందు ఇసుక వేస్తే సరిపోదా సార్?"

"ఈస్టర్ నుంచి సరఫరా లేదు. బోర్లించు."

పిల్ల చిగుళ్లలో రక్తం కనబడుతోంది. ఆసుపత్రిలో మంచాలు ఖాళీ లేవని తిప్పి పంపిన డాక్టరు ఒక్కటే చెప్పాడు, గుక్కగుక్కా నీళ్లు తాగిస్తూనే ఉండమని. వాకిట్లో డ్రమ్మును పొద్దున ఫిదేలాయే బోర్లించింది. ఇంట్లో మిగిలిన నీళ్లు ఇవే.

ఫిదేలా డ్రమ్ము అంచు పట్టుకుంది. వంచలేకపోయింది.

"నేను వంచను సార్."

"పని పోతుంది."

"పోనీండి. ఇన్నేళ్లు ఇంటింటా బోర్లించానే, ఒక్క జ్వరం తగ్గిందా? వంచాలనుంటే మీరే వంచండి."

ఒల్వేరా చొక్కా చేతులు పైకి మడిచాడు. హెర్మిలా అతని వంక చూడనైనా చూడలేదు. శాలువా తీసి గిన్నె మీద పరిచి, చెంబుతో నీళ్లు ముంచి వడకట్టసాగింది. గుడ్డ మీద పురుగులు మిగిలాయి. నిదియా కళ్లు తెరవకుండానే గొణిగింది.

"అమ్మమ్మా, నీళ్లు."

"ఉండమ్మా, కాచి ఇస్తా," అంటూ హెర్మిలా మళ్లీ చెంబు ముంచింది. అప్పటికే ఒల్వేరా చేతుల్లో డ్రమ్ము ఒక పక్కకి ఒరుగుతోంది.