ఛాతీ పట్టీకి తెలిసిన ఊపిరి

నేనొక పట్టీల కట్టను. విమానంలోంచి మొదటిసారి దూకేవాళ్ల ఒంటికి బిగించే హార్నెస్‌ని. పారాచూట్ నాది కాదు. అది వెనకాల ఉండే మాస్టారి వీపు మీద ఉంటుంది. దూకేవాణ్ణి ఆ మాస్టారి పొట్టకు తగిలించి, పిల్లిపిల్లలా వేలాడదీసి, నేల మీదికి చేర్చడం నా పని. తొడలకు రెండు పట్టీలు, భుజాలకు రెండు, నడుముకొకటి, గుండెల మీద అడ్డంగా ఒకటి. మిగతా పట్టీలకు మనిషి బరువు మాత్రమే తెలుస్తుంది. ఛాతీ పట్టీకి మనిషి ఊపిరి తెలుస్తుంది. ఊపిరితో పాటు వాసన కూడా. అక్కడే వచ్చింది నా చావు.

నన్ను కుట్టింది ఎక్కడో చల్లటి దేశంలో ఒక ముసలావిడ. కుట్టు మీద కుట్టు వేస్తూ ఒక్కసారి కూడా తల ఎత్తి ఆకాశం చూసేది కాదు. ఆవిడ చేతులకు సబ్బు వాసన వచ్చేది. నా బతుకులో శుభ్రమైన వాసన అదొక్కటే. తర్వాత ఏదో సముద్రం ఒడ్డున నాలుగేళ్లు ఉప్పు చెమటలో నానాను. అక్కడివాళ్లు కొత్త సరుకు కొనుక్కుని నన్ను అమ్మేస్తే, నల్గొండ వైపు విమానాలు దిగే ఒక పాత రన్‌వే పక్కన రేకుల షెడ్డులో తేలాను. కొన్నది మోజెస్ మాస్టారు. విశాఖ మనిషి. మిలిటరీలో వేలసార్లు దూకి, పింఛను తీసుకుంటూ ఇంట్లో కూర్చోలేక వచ్చి ఈ దుకాణం పెట్టాడు.

మనుషుల గురించి నాకు మంచి అభిప్రాయం లేదు. ఉండటానికి వాళ్లు అవకాశం ఇవ్వలేదు. దూకే ముందు ఒంటిని ఎలా సిద్ధం చేసుకోవాలో మాస్టారు ఫోన్లోనే చెప్తాడు. ముందు రాత్రి మందు ముట్టొద్దు, కంటినిండా నిద్రపోండి, పొద్దున ఇడ్లీ లాంటిది తేలిగ్గా రెండు తినండి, నీళ్లు తాగండి, బరువెంతో నిజం చెప్పండి అని. పట్నంనుంచి కార్లలో దిగేవాళ్లు ఇందులో ఒక్కటి పాటిస్తే ఒట్టు. రాత్రంతా పార్టీ. కళ్లు చింతనిప్పులు. ఒకాయన, ప్లాట్లు అమ్మే వ్యాపారి. దారిలో బిర్యానీ పట్టించి వచ్చాడు. బరువు ఎనభై ఐదని చెప్పి, కాటా ఎక్కమంటే బూట్ల బరువన్నాడు. ఊపిరి ఎలా తీయాలో మాస్టారు చెప్పబోతే, "ఊపిరి తీయడం కూడా నేర్పుతారా సార్? నలభై ఏళ్లుగా తీస్తనే ఉన్న కదా!" అని పక్కవాళ్ల వైపు చూసి నవ్వాడు.

తలుపు తీయగానే ఆ నలభై ఏళ్ల అనుభవం ఆగిపోయింది. పెదవులు బిగించాడు, పొట్ట రాయి చేసుకున్నాడు, నా పట్టీ కింద గుండె కోడిపిల్లలా కొట్టుకుంది తప్ప ఛాతీ కదల్లేదు. పారాచూట్ విచ్చుకున్నాక మాత్రం బిర్యానీ మొత్తం నా మీదికి వచ్చింది. లవంగాలతో సహా. నేల మీద దిగి, నోరు తుడుచుకుని, ఫోను ముందు నిలబడి "సూపర్ ఎక్స్‌పీరియన్స్" అన్నాడు. మాస్టారు నన్ను మూడుసార్లు కడిగాడు. ఇప్పటికీ వాన పడితే నాలోంచి మసాలా వాసన లేస్తుంది. సెంట్లు, తల నూనెలు, భయం చెమట, వాంతులు. పన్నెండేళ్లు ఇదే సంసారం.

వాళ్లందరిదీ ఒకటే భ్రమ. మీద పడే అంత గాలిలో ఊపిరాడదని. గాలి ఎక్కడికీ పోలేదు. మనిషే తలుపు మూసుకుంటాడు. భయంతో బిగబట్టుకుని, ఆడటం లేదని ఏడుస్తాడు.

పోయిన చలికాలం మల్సూరు వచ్చాడు.

మేము దిగేది పక్క ఊరి చేలల్లోనే. పంట తీసిన చేలల్లో దిగనిస్తున్నందుకు ఏడాదికొక ఉచిత సీటు ఊరివాళ్లకని మాస్టారు మాటిచ్చాడు. కుర్రాళ్లంతా ముందు ఎగబడి, తీరా రోజు దగ్గరపడేసరికి ఒకడికి జ్వరం, ఇంకొకడికి మరదలి పెళ్లి. చివరికి చెయ్యెత్తింది యాభై ఐదేళ్ల గునగంటి మల్సూరు. కల్లు గీసే మనిషి. నల్లగా, తాటి మొద్దులాగే గరుకుగా ఉన్నాడు. వెంట భార్య సైదమ్మ, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని.

"మీకెందుకండీ ఈ సరదా?" అన్నాడు మాస్టారు.

"సరదా కాదు సారూ. మూడేండ్ల కింద తాటిచెట్టు మీదికెల్లి పడ్డ. తుంటి ఇరిగింది. అతికింది, డాక్టరు చీటీ గూడ తెచ్చిన, సూడు. కాలు మంచిగనే ఉంది. దమ్మే ఆడుతలేదు. నాలుగు గజాలు ఎక్కంగనే ఈడ కట్టేసినట్టయితది." ఛాతీ మీద గుద్దుకుని చూపించాడు. "వచ్చే సోమవారం గీత సంగపోళ్లు చెట్లు పంచుతరు. ఎక్కుతవా ఎక్కవా చెప్పు అన్నరు. ఎక్కకుంటే నా చెట్లు వేరేటోళ్లకు పోతయ్. మా నాయిన గీసిన చెట్లవి. ఆకాశంల దమ్మాడితే చెట్టు మీద ఆడదా అని వచ్చిన. ఆడకుంటే ఇగ మోకు అటుక మీద పారేస్త."

"ఆడకుంటే అక్కడే సచ్చిపోడు గద సారూ?" అంది సైదమ్మ.

"చావడమ్మా. మూర్ఛొచ్చినా నేనే దించుతాను."

"గట్లయితే తీస్కపో. ఇంట్ల కూసుండి నా పానం తింటుండు."

మాస్టారు నన్ను అందించాడు. మల్సూరు వెంటనే తొడుక్కోలేదు. నేల మీద పరిచి, ఒక్కో పట్టీనీ బొటనవేలితో గీరుతూ, కుట్టు కుట్టూ తడిమి చూశాడు. చెట్టెక్కే రోజుల్లో నడుముకు చుట్టుకునే మోకుతాడు పేటల్ని రోజూ అలాగే చూసేవాడట. తర్వాత ఛాతీ పట్టీని రెండు చేతులా ఎత్తి కళ్లకద్దుకున్నాడు. పన్నెండేళ్లలో నన్నెవడూ కళ్లకద్దుకోలేదు. పొంగిపోయానని అనుకోకండి. వారం రోజులుగా కల్లు ముట్టలేదన్నాడు, నిజమే కావచ్చు. కానీ చర్మంలోకి ఇంకిపోయిన పులుపు వాసన ముక్కు పగలగొట్టింది. బిర్యానీ మీద కల్లు. నా రాత.

షెడ్డులో బల్ల మీద బోర్లా పడుకోబెట్టి మాస్టారు నేర్పాడు. నడుము విల్లులా వెనక్కి వాల్చాలి, తల ఎత్తాలి, కాళ్లు వెనక్కి మడవాలి. భుజాలు కిందికి వదిలెయ్యాలి. పొట్ట మెత్తగా ఉండాలి. ముక్కుతో తీసి, నోటితో నెమ్మదిగా వదలాలి.

"పొయ్యి ఊదినట్టా?"

"అదేనండీ. ఊదండి... ఊదండీ బాబూ, బిగబట్టేశారేటి?"

పదిసార్లు చేయించాడు. నాలుగు ఊపిర్లు బాగా ఆడతాయి. అయిదోదాని దగ్గర నడుము వాల్చమనగానే ఒళ్లంతా కర్రలా బిగుస్తుంది. ఏమిటా అని మాస్టారు తల పట్టుకుంటే మల్సూరే చెప్పాడు. చెట్టెక్కేటప్పుడు నడుము వెనక్కి వాల్చి మోకు పైకి ఎగరేసే క్షణంలో ఊపిరి పట్టాలి. పట్టకపోతే పట్టు జారుతుంది. తండ్రి అలాగే నేర్పాడు. ఇక్కడ నడుము వాల్చమంటే ఒళ్లు దానంతటదే పట్టేస్తోంది. ముప్పై ఐదేళ్లు అన్నం పెట్టిన అలవాటు.

"మరి చెట్టు మీదికెళ్లాక ఎప్పుడు వదుల్తారు?"

మల్సూరు సిగ్గుపడ్డాడు. సైదమ్మ ఫక్కున నవ్వింది.

"చెప్పు, చెప్పు సారుకు. మట్టల దాక పోంగనే కేకేస్తడు సారూ. చెట్టు మీదికెల్లి ఊరంత కనబడతది. తానాల తడకలకు కప్పులుంటయా? ఆడోళ్లు తానం జేస్తుంటరు. అందుకని 'చెట్టెక్కిననో...' అని ఒర్రాలె. గౌడోళ్ల మర్యాద అది. ఈయన పడ్డకాడికెల్లి ఆ కేకే లేదు, వేరేటోళ్లు ఒర్రకుంటనే ఎక్కుతరు. మా అక్కలు, చెల్లెండ్లు నిమ్మళంగ తానం చేసి మూడేండ్లాయె. ఎవడెక్కిండో, ఎక్కలేదో!"

పొద్దున ఏడున్నరకు విమానం లేచింది. పైకి వెళ్లేకొద్దీ నా పట్టీ కింద ఊపిరి పొట్టిదవుతూ వచ్చింది. మాస్టారు వెనకనుంచి భుజం తట్టి ఊదమన్నాడు, ఊదాడు. తలుపు తీశారు. చలిగాలి కొట్టింది. మల్సూరు కాళ్లు బయట వేలాడాయి. నడుము వెనక్కి వాల్చాడు, నేర్పినట్టే. ఊపిరి పట్టాడు, వాళ్ల నాన్న నేర్పినట్టే.

పడ్డాం.

ఛాతీ కదల్లేదు. ఒకటి, రెండు, ఐదు. నాకు లెక్క అలవాటే. ఎనిమిది. మాస్టారు చెవిలో అరుస్తున్నాడు, గాలి ఎత్తుకుపోతోంది. పది. మరో బిర్యానీ వ్యాపారే అనుకున్నాను. వీడు మోకు అటుక మీద పారేస్తాడు, ఇంట్లో కూర్చుని సైదమ్మ ప్రాణం తింటాడు, అంతే. పద్నాలుగు.

అప్పుడు మెడ కొంచెం వంచి కిందికి చూశాడు. తన ఊరు. చెదిరిన అగ్గిపుల్లల్లా నాలుగు బజార్లు. రెండు మైళ్ల ఎత్తునుంచి తడకలు కాదు కదా, ఇళ్లే సరిగా కనబడవు. కానీ ముప్పై ఐదేళ్ల నాలుకకు ఎత్తు కొలతలు ఏం తెలుస్తాయి? పైనుంచి ఊరు కనబడింది, పొద్దున్నపూట, ఆడవాళ్లు స్నానాల వేళ.

"చెట్టెక్కిననోయ్...!"

ఆకాశంలో, చుట్టుపక్కల ఒక్క చెట్టూ లేనిచోట! కేకతో ఉన్న ఊపిరంతా బయటికి పోయింది. పోయాక లోపలికి రాక ఏం చేస్తుంది? వచ్చింది. నా కుట్లు సాగేంతగా, బావిలోకి బొక్కెన దిగినట్టు లోతుగా వచ్చింది. మళ్లీ కేకేశాడు. మళ్లీ వచ్చింది. పారాచూట్ విచ్చుకునేదాకా అలా కేకలేస్తూనే ఉన్నాడు. వెనకాల మాస్టారు నవ్వలేక చచ్చాడు.

చేలో దిగాక సైదమ్మ పరుగెత్తుకొచ్చింది. "ఏం గనబడ్డదయ్యా?"

"ఏం గనబడలే."

"మరెందుకు ఒర్రినవంట?"

"కనబడకుంటే మాత్రం? మర్యాద మర్యాదనే."

నన్ను విప్పి, చెమట తుడిచి మాస్టారి చేతికిచ్చాడు. వాంతి లేదు. చెమట మాత్రం బకెట్టెడు ఉంది. పుల్లటి వాసనతో.

ఈ ఏడు నా వయసు అయిపోయింది. చిరగలేదు, కానీ పన్నెండేళ్లు దాటితే ఎగరనివ్వరు. పనికిరాదని రాసి షెడ్డు దూలానికి వేలాడదీశారు. ఇప్పుడు కొత్తవాళ్లను నాకు కట్టి నేలకు జానెడు ఎత్తున ఊపిరి నేర్పుతున్నారు. "ఊపిరాడకపోతే అరవండి" అంటాడు మాస్టారు. ఏమని అరవాలంటే చెట్టెక్కిననో అని అరవమంటాడు. కూకట్‌పల్లి నుంచి వచ్చినవాళ్లు అర్థం తెలియకుండా అరుస్తుంటారు. నోట్లోంచి రాత్రి తాగిన బీరు వాసన కొడుతుంది. మనుషులు మారలేదు, మారరు.

మల్సూరు దూకిన తర్వాతి సోమవారం సంఘం వాళ్లు ఏం తేల్చారో అప్పుడు నాకెవరూ వచ్చి చెప్పలేదు. చెప్పనక్కర్లేకపోయింది. మంగళవారం పొద్దున, షెడ్డు ఇంకా తాళం తీయకముందు, తాటివనం వైపు నుంచి గాలి మీద తేలుతూ ఒక కేక వచ్చింది. ఆ వెనకే ఊళ్లోంచి ఒక ఆడగొంతు తిట్టు, గలగలమని నవ్వులు, బకెట్ల చప్పుడు.

అంత దూరంనుంచి ఊపిరి వినబడదు. అయినా కేక తర్వాత మల్సూరు ఎంత లోతుగా పీల్చి ఉంటాడో నా ఛాతీ పట్టీకి తెలుసు. ఎవరూ లేని ఖాళీ పట్టీ, అంత మేరా సాగి, మెల్లగా వదులైంది.