గీత దాకా నీళ్లు

నా చెంబులో నీళ్లు ఎవరో తాగేస్తున్నారు. నేను ఆ తోటకి వెళ్లింది సీరియల్ ముగింపు రాసుకోవడానికి కానీ, నా నీళ్లు కాజేసే దొంగని పట్టుకోవడానికి కాదు. అయినా పట్టుకోకపోతే నిద్ర పట్టని పుటక నాది, ఏం చెయ్యను?

రెండువేల నాలుగు వేసవిలో, కాశీబుగ్గలో జీడిపప్పు వ్యాపారం చేసే వైకుంఠరావుగారికి సాహిత్యసేవ చెయ్యాలని బుద్ధి పుట్టింది. భావనపాడు దగ్గర సముద్రం వైపు ఆయనకో జీడితోట, దాని నడుమ ఓ పెంకుటిల్లు ఉన్నాయి. ఇంటికి సున్నం కొట్టించి, ‘రచయితల విడిది’ అని బోర్డు పెట్టి అందరినీ పిలిచాడు. అందరూ అంటే చివరికి మిగిలింది ఇద్దరం. టెక్కలి నుంచి నేను, కామేశ్వరిని. ఇచ్ఛాపురం నుంచి కవి ఢిల్లేశ్వరరావు. మిగతావాళ్లు దారి చూసి వెనక్కి తిరిగిపోయారు. రోడ్డు దిగాక అంతా ఇసుకే. ఆటో రాదు, ఫోను పలకదు, కూతవేటు దూరంలో మరో ఇల్లు లేదు.

వంటకి బొడ్డమ్మని పెట్టారు. ఆ తోటకి కాపలా ఉండి రెండేళ్ల కిందట పోయిన పైడయ్య పెళ్లాం ఆమె. మాట తక్కువ, చేపల పులుసు మాత్రం అమృతం. భోజనం నుంచి పొద్దు వాలేదాకా ఎవరూ మాట్లాడకూడదని వైకుంఠరావుగారి నియమం. నా నోటికి అంతకన్నా శిక్ష లేదు. అందుకని నిద్రపోయేదాన్ని. లేచి చూస్తే, బొడ్డమ్మ నిండా పోసి మూత పెట్టి వెళ్లిన చెంబులో నీళ్లు తగ్గి ఉండేవి.

ఓ మధ్యాహ్నం నియమాన్ని గాలికొదిలేసి కవిగారి మీద విరుచుకుపడ్డాను.

“ఏటండీ, మీకు చెంబు లేదా? ఆడమనిషి గదిలో దూరి నీళ్లు తాగడమేటి?”

“రామ రామ! నా చెంబులోవే పోతున్నాయండీ. మీరేననుకుని, పెద్దావిడ కదాని ఊరుకున్నాను,” అన్నాడాయన.

పెద్దావిడట! ఆ మాటకి వేరే లెక్క తేల్చాలి కానీ, ముందు నీళ్ల సంగతి చూడాలి. ఆ పూట సరుకులు తెచ్చిన వైకుంఠరావుగారు పిల్లి తాగుతోందేమో అన్నాడు. పిల్లి మూత తీసి, తాగి, మళ్లీ బుద్ధిగా మూత పెట్టిందా అని అడిగాను. ఆయన పని ఉందంటూ కాశీబుగ్గ వెళ్లిపోయాడు.

నా సీరియళ్లలో దెయ్యాలుంటాయి. చివరి వారం తెల్లదుప్పటి లాగితే లోపల బావమరిదో మేనేజరో ఉంటాడు. అందుచేత ఇక్కడా దుప్పటి లాగుదామనుకున్నాను. మర్నాడు నేను తెచ్చుకున్న గాజుసీసాలో నీళ్లు నింపి, నీళ్లున్నంత మేర పెన్నుతో గుర్తు పెట్టాను. బిరడా బిగించాను. కిటికీలు మూసి, తలుపుకి తాళం వేసి, తాళంచెవి కొంగున ముడేసుకున్నాను. కవిగారిని వసారాలో నా ఎదురుగా కూర్చోబెట్టుకున్నాను. బొడ్డమ్మ మా కళ్ల ముందే పెరట్లో పుల్లలు కొడుతోంది.

ఎండ కాస్త తగ్గాక తలుపు తీశాను. బిరడా బిగించినట్టే ఉంది. నేల పొడిగా ఉంది. నీళ్లు మాత్రం గుర్తుకి కిందకి పోయాయి.

“అమ్మో!” అని కవిగారు గుమ్మం అవతలే ఆగిపోయాడు. నాకు మాత్రం భయం కన్నా ముందు కోపం వస్తుంది. అసలెంత తాగాడో తేల్చుకుందామని సీసా పట్టుకుని వంటింట్లోకి పోయాను.

గూట్లో ఒంటరిగా ఓ చిన్న స్టీలు గ్లాసు ఉంది. లోపల సగం దగ్గర ఎవరో మేకుతో గీత గీశారు. చేతికందిందని అదే తీసుకుని, గీత దాకా నీళ్లు పట్టి సీసాలో పోశాను. నీళ్లు సరిగ్గా నా గుర్తుని తాకాయి. కవిగారు పరుగున తన చెంబు తెచ్చాడు. అందులోనూ అదే కొలత నీళ్లు పోశాను. అంచు దాకా నిండింది, చుక్క పొర్లలేదు.

“దాన్ని ముట్టుకోకండమ్మా!”

పుల్లలు కింద పడేసి, బొడ్డమ్మ నా చేతిలోంచి గ్లాసు లాక్కుంది. లాక్కున్నాక తన దురుసుకి తనే బెదిరి, నేల మీద కూలబడింది.

“ఇది మా మావదమ్మా,” అంది. మొగుణ్ని అక్కడ చాలామంది అలాగే పిలుస్తారు.

నేను నీళ్ల సంగతంతా చెప్పాను. ఆమె గ్లాసు లోపలి గీతని బొటనవేలితో రుద్దుతూ ఉండిపోయింది.

“ఆయనకి కిడ్నీలు పోనాయమ్మా. మా ఉద్దానం సంగతి మీకు తెల్దేటి, ఏ ఇంట సూడు, ఇదే ఏడుపు. కాల్లు పొంగిపోనాయి, ఆయాసం. నీల్లు కొలిసి ఇయ్యాలన్నాడు డాట్రుబాబు. ఈ గీత నానే గీసినాను. పూటకి అంతే. మిగిలిన నీల్లు గదిలో ఎట్టి తాలం ఏసీసినాను. ‘ఒక్క గుటక, బొడ్డీ’ అని నా కొంగట్టుకొని ఏడిసీవోడు. నానియ్యనేదు. బతుకుతాడనే కదమ్మా ఇయ్యనేదు!”

“నువ్వు చేసింది మంచికేనమ్మా,” అన్నాడు కవిగారు.

“ఏటి మంచి బాబూ? ఆకరి రోజు పెరట్లో మొక్కలకి పోసే నీల్ల కుండీలో మూతి ముంచి తాగుతన్నాడు. నాకు ఒల్లు మండిపోనాది. ఈపు మీద సరిసినాను. ఉమ్మీమని సెయ్యట్టినాను. నోట్లోయి నా సేతిలో ఉమ్మీసినాడమ్మా, సంటిగుంటడిలాగ. మర్నాడు పొద్దున్నకి పోనాడు. దాహంతోటే పోనాడు. నన్ను తిట్టుకుంటా పోనాడో ఏటో, నాకెలగ తెలుత్తాది?”

నా బోడి తెలివి అంతా ఆ క్షణాన ఏమైపోయిందో తెలీదు. ఏడుపు ఆపుకోలేక, ఊరడించడానికేదో ఒకటి అనాలని అన్నాను. “పోయాక పెట్టావుగా? ప్రాణం పోయిన చోట దీపం, నీళ్లు. పది రోజులూ పెట్టే ఉంటావు.”

“ఎట్టినానమ్మా. అప్పుడు మేం ఉండీ గదే ఇప్పుడు మీది. ఆ మూలనే. రోజూ పొద్దున్న పాతవి పారబోసి, కొత్త నీల్లు…”

ఆగిపోయింది. చేతిలో గ్లాసు వైపు చూసింది.

“దీంతోటే ఎట్టినాను,” అంది మెల్లగా. “గీత దాకానే.”

గ్లాసు కింద పెట్టేసి, తన చెయ్యి చూసుకుంది.

“సెయ్యి అలవాటమ్మా! నిండా పొయ్యాలని తోసనేదు. ఎవులూ సెప్పనేదు. ఓలమ్మో, సచ్చిపోనోడికి కూడా కొలిసి పోసినానమ్మా!”

తల గోడకేసి కొట్టుకుంటుంటే గట్టిగా పట్టుకున్నాను. ఆమెతో పాటు నేనూ భోరుమన్నాను. పైడయ్య ఎవరి గదిలోనూ గీత దాటి తాగలేదు. పోయి రెండేళ్లయినా, అంత దాహంలోనూ, పెళ్లాం మాట జవదాటలేదు ఆ మనిషి.

ముందు తేరుకున్నది కవిగారే. ఆయన్ని నేను ఎన్ని మాటలన్నానో కానీ, ఆ పూట పంచె పైకి కట్టి, నూతిలోంచి తోడి, నిండు బిందె భుజాన పెట్టుకొచ్చాడు. నా గదిలో ఆ మూల దించాడు. బొడ్డమ్మ దీపం వెలిగించి, బిందె ముందు చతికిలబడింది.

“మావా, తాగు,” అంది.

చూస్తూ కూర్చున్నాం. బిందెలో నీళ్లు అంచు దగ్గరే నిలిచి ఉన్నాయి. దీపం నీడ తప్ప ఏమీ కదల్లేదు. సముద్రం హోరు వినిపిస్తోంది.

“నానుంటే తాగడమ్మా,” అని లేవబోయింది. “బయం. ఎప్పుడూ నా ఎనకే తాగీవోడు. నాను బయటికెల్తాను.”

“కూర్చో!” అని కసిరాను. “దొంగతనంగా తాగినన్నాళ్లు చాలు. మొగుడనేవాడు పెళ్లాం ఎదురుగా తాగాలి. నువ్వు వెళ్లిపోతే ఆ భయం ఎన్నటికీ పోదు.”

ఆమె నన్ను చూసింది, మూలని చూసింది. తర్వాత లేచి వంటింట్లోకి పోయి, గ్లాసూ రోకలీ తెచ్చింది. గుమ్మం రాయి మీద గ్లాసు పెట్టి రోకలెత్తి కొట్టింది. స్టీలు గ్లాసు ఒక పట్టాన నలగదు. ఏడుస్తూ, తిడుతూ, ఆ జబ్బునీ, ఆ గీతనీ, తన చేతినీ పేరుపేరునా తిడుతూ కొట్టింది. గ్లాసు రేకులా చదునైపోయింది. ఆ రేకుని మూలకి తీసుకెళ్లి, ఎవరికో చూపిస్తున్నట్టు ముందుకి చాచింది.

“సూడు మావా, గీత నేదు. నాను తిట్టను. నా ఎదరే తాగు.”

మొదట నేను చూడలేదు. కవిగారు నా మోచెయ్యి పట్టుకున్నాడు. బిందె అంచున తడి మెరుస్తోంది, నీళ్లు దాని కిందకి దిగాయి. ఇంకా దిగాయి. ఆత్రంగా, ఊపిరి తీసుకోకుండా తాగుతున్నట్టు, చూస్తూండగానే బిందె మెడ దాటి దిగిపోతున్నాయి.

బొడ్డమ్మ బిందె పక్కకి జరిగి, ఏమీ లేని చోట చెయ్యి చాపి, వీపు నిమిరినట్టు మెల్లగా నిమిరింది.

“నెమ్మదిగా మావా,” అంది. “పొలమారుతాది. ఇంకా ఉన్నాయి, నాను తెత్తాను కదా.”