నిలబెట్టిన నాళం

ఉదయం ఆరున్నరకే దాసన్న మైనపు దిమ్మెను ఐసు మీద బోర్లించాడు. కర్నూలు ఎండ ఎక్కితే మైనం మెత్తబడి కోత ముడతలు పడుతుంది. అందుకే ఆయన కల్లూరు నుంచి మొదటి షేర్ ఆటోలోనే వచ్చేస్తాడు. ముప్పై రెండేళ్లుగా ఆ చిన్న పరిశోధనశాలలో ఆయన పని మనిషి కండను ఉల్లిపొర కన్నా పలచగా కోయడం. ఆ రోజు సాయంత్రం ఐదింటికి రిటైర్మెంట్.

దిమ్మెలో ఉన్నది గుండె ఆపరేషన్లో మిగిలిన రక్తనాళం ముక్క, చిటికెన గోరంత. కార్టిసాల్ అనే స్టెరాయిడును మార్చే ఎంజైమ్ నాళం గోడలో ఏ పొరలో ఉంటుందో పరిశోధక విద్యార్థిని ఫిరోజా కనుక్కోవాలి. ఆమెకు మిగిలింది ఆ ఒక్క ముక్కే.

మొదటి కోతకే దాసన్న చెయ్యి ఆగింది. గుండ్రటి ఉంగరంలా రావలసింది పేలికలా వచ్చింది. పొరలన్నీ కలిసిపోయాయి. నాళాన్ని మైనంలో నిలబెట్టకుండా పడుకోబెట్టారు.

ఫిరోజా మొహం పాలిపోయింది. తన పెళ్లికి ముందురోజు హడావిడిలో ఆ దిమ్మె పోసింది తనే.

“పెండ్లికూతురు పోసిన దిమ్మె గదమ్మా. దానికీ నిద్రొచ్చి పండుకున్యాది,” అన్నాడు దాసన్న.

ఏడవబోయినదల్లా నవ్వింది.

వేడి ఎక్కువైతే ముక్క పనికిరాకుండా పోతుంది. దాసన్న మైనాన్ని మెల్లగా కరిగించి, పట్టకారుతో నాళాన్ని నిలబెట్టి, మైనం గడ్డకట్టేదాకా కదలకుండా పట్టుకున్నాడు. దిమ్మె చల్లబడ్డాక కోత మిషను ముందు నుంచి లేచి, స్టూలు ఆమె వైపు జరిపాడు.

“నువ్వే కొయ్యమ్మా. రేపు నేనీడ ఉండను గదా.”

“చెడిపోతే?”

“చెడనీ. ముక్క ఇంకా శానా ఉండాది. ఊపిరి మాత్రం బిగబట్టొద్దు.”

రెండు కోతలు చిరిగాయి. మూడోది గోరువెచ్చని నీళ్ల మీద విచ్చుకుంది, పసిపాప చెవిపోగంత ఉంగరం. గోరింటాకు వదలని వేళ్లతో ఆమె దాన్ని స్లైడు మీదికి ఎత్తుకుంది.

రంగులు వేయడం నాలుగింటికి ముగిసింది. ఫిరోజా ముందు తను చూసి, ఆయన్ని మైక్రోస్కోపు దగ్గరికి లాగింది. కోసేది ఆయన, చూసేది పెద్ద చదువులవాళ్లు. ఇన్నేళ్లలో ఎవరూ పిలిచి చూపించలేదు. లోపలి పొర నీలంగా ఉంది. దాన్ని చుట్టుకున్న కండర పొర నిండా, ఎంజైమ్ ఉన్నచోటే పట్టే గోధుమరంగు.

దాసన్న చాలాసేపు కన్ను తీయలేదు.

“కండరంలో ఉండాదే. బెల్లంపాకం పూసినట్టు.”

ఐదింటికి సంతకం చేసి, ఇంట్లో భార్య రాహేలమ్మ కాచుకొని ఉంటుందని చెప్పి, ఎప్పటిలాగే ఆటో కోసం నడిచాడు.

ఎవరు కోస్తే వాళ్ల పేరు స్లైడు అంచున రాయడం ఆ గదిలో పద్ధతి. మైక్రోస్కోపు కింద మిగిలిన స్లైడు అంచున, పెన్సిలుతో, ఆయన గుండ్రటి చేతిరాతలో ‘ఫిరోజా’ అని ఉంది.