రాతి మీది మరక

"ఆ కప్పకీ నీ మరకకీ పోలిక నువ్వే రాసెయ్. రేపు మీటింగులో నేను చదివేస్తాను," అన్నాడు భర్త, ఇస్త్రీ చేస్తున్న ఆమె ముందు ఇంకో చొక్కా పడేసి.

ఇద్దరిదీ ఒకే పరిశోధనశాల. అతను గోదురుకప్పల శాస్త్రవేత్త. ఆమె తొమ్మిదేళ్ళుగా తాత్కాలిక ఉద్యోగి. రాళ్ళకి బూడిదరంగు పెచ్చుల్లా అంటుకుని బతికే లైకెన్లను కొలవడం ఆమె పని; అతని నోట అవి మరకలు. ఇప్పుడు లోయలోకి రోడ్డు వస్తోంది. వాగుకి ఒక ఒడ్డున అతని కప్పలు, రెండో ఒడ్డున ఆమె లైకెన్ పట్టిన బండలు. ఈ లోయలో తప్ప రెండూ ఇంకెక్కడా లేవు. రోడ్డు పోగా మిగిలేది ఒక్క ఒడ్డే, ఏదన్నది రేపటి మీటింగులో తేలాలి.

"కప్పకి కళ్ళున్నాయి, గొంతుంది. మరక పోతే ఎవరేడుస్తారు?" అన్నాడు. అత్తగారైతే ఎప్పుడో తేల్చేసింది: "రాళ్ళు గీక్కుంటే కూడా జీతమిస్తారుటమ్మా, చోద్యం కాకపోతే!"

ఆ మధ్యాహ్నం గిన్నెలు పక్కకి జరిపి కాగితాలు పరుచుకుంది. కప్పల మీద ఆమెకేం కోపం లేదు. నిరుడు వానల్లో అతను జ్వరంతో పడుకుంటే మోకాటి లోతు నీళ్ళలో దిగి వాటిని లెక్కపెట్టింది ఆమే. వ్యాసం మీద పేరు మాత్రం అతనిది. అరవైమూడు మిగిలాయి. అయినా ఆడకప్ప ఒక్క వానకి వేల గుడ్లు పెడుతుంది. రెండేళ్ళ కిందట బండల ఒడ్డున మడుగులో వదిలిన పిల్లలు నిలదొక్కుకున్నాయి కూడా. లైకెన్ అలా కాదు. ఏడాదికి అర మిల్లీమీటరు పెరుగుతుంది, ఊడదీస్తే చస్తుంది. నిజానికి అది రెండు ప్రాణాల కాపురం. నాచు ఎండలో ఇద్దరికీ కూడు వండుతుంది, బూజు గూడు కడుతుంది. శాస్త్రంలో లైకెన్‌కి పెట్టే పేరు మాత్రం బూజుదే. ఈ వాక్యం ఎన్నిసార్లు రాసిందో లెక్కలేదు. ఇవాళే కలం ఆగింది.

మర్నాడు మీటింగులో అతను ముందుగా తిరగేయకుండానే చదవడం మొదలుపెట్టి, చివరి పేజీ దగ్గర ఆగిపోయాడు. పరిశోధనశాల డైరెక్టరమ్మ కాగితం అందుకుని పైకి చదివింది: "బండల ఒడ్డునే కాపాడాలి. కప్పలు అక్కడ బతకగలవు. లైకెన్ ఇంకెక్కడా బతకలేదు." కింద అతని భార్య సంతకం.

"మా ఆవిడ టైపు చేసిందండి, పొరపాటు పడుంటుంది," అంటూ నవ్వబోయాడు.

అతని పక్క కుర్చీలోంచి ఆమె లేచింది. "టైపు కాదండి, నేనే రాశాను. నిరుటి కప్పల లెక్క కూడా నాదే."

"ఇంట్లో ఒక్క మాట చెప్పి చావకూడదూ?" పళ్ళ బిగువున గొణిగాడు.

"తొమ్మిదేళ్ళు ఇంట్లోనే చెప్పానండీ," అని, డైరెక్టరమ్మ చేతిలోంచి కాగితాలు తీసుకుని మొదటి పేజీ నుంచి చదవడం మొదలుపెట్టింది.